పియానో ట్యూనింగ్‌లో మీరు ఎంచుకోవాల్సినవి: పిచ్, టెంపరమెంట్, స్ట్రెచ్, యూనిసన్

పియానో ట్యూన్ చేయించుకునే వాళ్లలో చాలామంది ట్యూనర్‌తో అనే మాట ఒక్కటే: "మామూలుగా పెట్టేయండి." ఆ మామూలులో నాలుగు నిర్ణయాలు ఉన్నాయి. మధ్యలోని ఎ స్వరం ఎన్ని హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు ఎన్ని కంపనాలతో, ఉండాలి (పిచ్), ఆక్టేవ్‌లోని, అంటే సా నుంచి పై సా దాకా ఉన్న, పన్నెండు స్వరాల మధ్య దూరాలు ఎలా పంచాలి (టెంపరమెంట్), ఆక్టేవ్‌లను ఎంత సాగదీయాలి (స్ట్రెచ్), ఒకే స్వరానికి ఉన్న మూడు తీగలను ఎంత దగ్గరగా కలపాలి (యూనిసన్). మీరేమీ చెప్పకపోతే ఈ నాలుగూ ట్యూనరే తేల్చేస్తాడు. చాలా ఇళ్లకు అది చాలు. కానీ ట్యూనింగ్ అయ్యాక కూడా పియానో వినాలనిపించడం లేదంటే, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి మీ అవసరానికి తగ్గట్టు లేదనుకోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జనం గంటల తరబడి వాదించుకునేది మొదటి రెండింటి గురించి. చెవికి ముందుగా తెలిసేవి మాత్రం చివరి రెండూ.

ముందు ఇవి చూసుకోండి

పియానోతో పాటు ఇంకేం మోగుతుంది? ఫ్లూట్, గిటార్, కీబోర్డ్, రికార్డు చేసిన ట్రాక్, చర్చి క్వయర్ లాంటివి ఉంటే పిచ్ విషయంలో మీకు స్వేచ్ఛ లేనట్టే. ఒంటరిగా వాయించేవాళ్లకు ఉంది.

ఏం వాయిస్తారు, ఏ కీలలో, అంటే ఏ స్వరాన్ని ఆధారం చేసుకుని? పియానో ఎంత పెద్దది? నాలుగడుగుల ఎత్తు అప్‌రైట్‌కీ తొమ్మిదడుగుల కన్సర్ట్ గ్రాండ్‌కీ ఒకే లెక్క పనికిరాదు. చివరిసారి ట్యూన్ అయింది ఎప్పుడు? ఏళ్ల తరబడి ముట్టుకోని పియానో అయితే మిగతా ప్రశ్నలు కొంతకాలం ఆగాలి.

ఇక గదిలో తేమ. దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. పియానో సౌండ్‌బోర్డు స్ప్రూస్ చెక్కతో చేస్తారు. అది తేమ పీల్చి ఉబ్బితే తీగలు ఆనుకునే బ్రిడ్జిని పైకి నెడుతుంది, బిగువు పెరిగి పిచ్ పైకి పోతుంది. చెక్క ఆరితే పిచ్ పడిపోతుంది. ఈ కదలిక పియానో అంతటా సమానంగా ఉండదు, మధ్య భాగంలో ఎక్కువ. అందుకే సీజన్ మారినప్పుడు పియానో మొత్తంగా పెరగడమో తగ్గడమో కాకుండా తనలో తానే తప్పుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే ఎండలకు ఆరిన చెక్క జూలై వానలకు ఉబ్బుతుంది. విశాఖపట్నం, కాకినాడల్లో ఏడాది పొడవునా తేమే, దానికి తోడు రాత్రంతా ఏసీ, పగలంతా తెరిచిన కిటికీలు. న్యూజెర్సీలోనో షికాగోలోనో ఉండే మనవాళ్ల ఇళ్లలో చలికాలం హీటర్ గాలిని ఎండగట్టేస్తుంది, పిచ్ కిందికి జారుతుంది.

సెమిటోన్‌లో, అంటే పియానో మీద పక్కపక్క రెండు మెట్ల మధ్య దూరంలో, నూరో వంతును సెంటు అంటారు. మధ్య భాగం ఏడాదిలో పది, పదిహేను సెంట్లు ఊగే ఇంట్లో, రెండు సెంట్ల తేడా ఉన్న రెండు పద్ధతుల మధ్య ఎంచుకోవడం వృథా. గదిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉంచగలిగితే ఏ ట్యూనింగ్ అయినా ఎక్కువ కాలం నిలుస్తుంది.

పిచ్: 440, 442, 432, లేదా ఉన్న చోటే

| ఎంపిక (ఎ స్వరం, హెర్ట్జ్) | 440తో తేడా | ఎవరికి నప్పుతుంది | ఇబ్బంది |
|---|---|---|---|
| 440 | లేదు | ఇళ్లు, సంగీత పరీక్షలు, చర్చి, స్టూడియో | పాత పియానోను ఇక్కడికి లాగడం కష్టం కావచ్చు |
| 442 | 8 సెంట్లు ఎక్కువ | కన్సర్ట్ హాళ్లు, ఆర్కెస్ట్రాతో వాయించేవాళ్లు | 440 కీబోర్డుతో, ట్రాక్‌తో కలవదు |
| 432 | 32 సెంట్లు తక్కువ | ఒంటరిగా వాయిస్తూ ఇదే కావాలనుకునేవాళ్లు | ఎవరితోనూ కలవదు, వెనక్కి రావడం శ్రమ |
| ఉన్న చోటే | పియానోను బట్టి | తుప్పు పట్టిన తీగలున్న పాత వాయిద్యాలు | తోడు వాయిద్యాలకు పనికిరాదు |

440 అనేది 1939 లండన్ సమావేశంలో ఒప్పుకున్న అంకె. 1955లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ప్రమాణంగా మారింది. అంతకుముందు ఫ్రాన్స్ 1859లో 435ను చట్టం చేసింది. కాబట్టి ఇది దైవదత్తమేమీ కాదు, అందరూ కలిసి వాయించుకోవడానికి చేసుకున్న ఒప్పందం. యూరప్ ఆర్కెస్ట్రాలు చాలావరకు 442, 443లో ఉంటాయి, జపాన్ కన్సర్ట్ హాళ్లలో 442 మామూలు. ఇంట్లో పియానోకు 442 ఎందుకని అడిగితే నా దగ్గర మంచి కారణం లేదు.

432 గురించి అడిగేవాళ్లు ఈ మధ్య పెరిగారు. ప్రకృతితో శ్రుతి కలుస్తుందని, ఆరోగ్యానికి మంచిదని చెప్పే వీడియోలు చూసి అడుగుతారు. ఆ మాటలకు ఆధారం లేదు. 1884లో ఇటలీ స్వరకర్త వెర్డీ 432కు సరేనన్నది, ఫ్రాన్స్ 435తో తేడా చెవికి దాదాపు తెలియనంత చిన్నదని, అంతే. పైగా పిచ్ దించితే స్వరాల మధ్య దూరాలు మారవు, అన్నీ కలిసి కిందికి దిగుతాయి. కొంచెం మెత్తగా వినిపిస్తుందని కొందరు అంటారు. అది కావాలంటే సుత్తుల ఫెల్ట్‌ను సరిచేసే వాయిసింగ్‌తో ఇంతకన్నా బాగా వస్తుంది.

ఇష్టపడి 432 పెట్టించుకుంటే తప్పు లేదు, కానీ తిరుగు ప్రయాణం లెక్క తెలిసి ఉండాలి. పియానోలో సుమారు 230 తీగలుంటాయి, వాటి బిగువు మొత్తం కలిపితే 18 టన్నుల దాకా ఉంటుంది. 432 నుంచి 440కి తేవాలంటే బిగువు దాదాపు 3.7 శాతం పెరగాలి, అంటే ఫ్రేము మీద ఇంకో 600 కిలోలకు పైగా బరువు పడుతుంది. ముందు లాగిన తీగలు, తర్వాతి తీగలు లాగే సరికి మళ్లీ జారిపోతాయి. అందుకే ట్యూనర్లు మొదటి విడత కావాలనే కాస్త ఎక్కువ లాగి, రెండో విడతలో సరిచేస్తారు. దీన్నే పిచ్ రైజ్ అంటారు. ఛార్జీ వేరుగా ఉంటుంది, కొన్ని వారాల్లో మళ్లీ ట్యూన్ చేయించాల్సి వస్తుంది. పాత తీగలు తెగే ప్రమాదమూ ఉంది.

తాతల నాటి అప్‌రైట్ సెమిటోన్ కన్నా ఎక్కువ పడిపోయి ఉంటే, తీగలు తుప్పు పట్టి ఉంటే, తీగలను బిగించే ట్యూనింగ్ పిన్నులు వదులుగా ఉంటే దాన్ని దాని పిచ్‌లోనే సరిచేయించుకోండి. కింద ఉన్నా, తనలో తాను శుభ్రంగా కలిసిన పియానో వినసొంపుగానే ఉంటుంది. పిల్లలు పరీక్షలకు తయారవుతున్న ఇంట్లో మాత్రం ఈ రాజీ వద్దు. స్వరాన్ని వినగానే పేరు చెప్పగలిగే పిల్లలకు ఇంట్లో ఒక పిచ్, పరీక్ష గదిలో ఇంకో పిచ్ అంటే నిజంగా టెన్షనే.

టెంపరమెంట్: అన్ని కీలూ సమానమా, కొన్ని తియ్యగానా

సా నుంచి శుద్ధమైన పంచమం 702 సెంట్లు, శుద్ధమైన అంతర గాంధారం 386 సెంట్లు. పన్నెండు మెట్లలో వీటన్నిటినీ శుద్ధంగా ఇరికించడం లెక్క ప్రకారమే కుదరదు. ఎక్కడో ఒకచోట తగ్గాలి. ఎక్కడ తగ్గాలన్నదే టెంపరమెంట్.

ఈక్వల్ టెంపరమెంట్ తప్పును అందరికీ సమానంగా పంచుతుంది. పంచమం రెండు సెంట్లే తక్కువ, దాదాపు ఎవరికీ తెలియదు. గాంధారం మాత్రం 14 సెంట్లు ఎక్కువ. మధ్య సి, దాని పైన ఇ కలిపి నొక్కి పట్టుకుంటే సెకనుకు పది సార్లు వణుకుతున్నట్టు వినిపిస్తుంది, దాన్నే బీట్స్ అంటారు. తంబురా దగ్గర పెరిగిన చెవికి పియానో గాంధారం పదునుగా తోచడానికి కారణం ఇదే, ట్యూనర్ తప్పు కాదు.

దీనికి బదులు పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల వెల్ టెంపరమెంట్లు ఉన్నాయి. వెర్క్‌మైస్టర్, కిర్న్‌బెర్గర్, వల్లోటి, యంగ్ అని చాలా రకాలు. ఆధునిక పియానో మీద పెట్టించుకునే వాళ్లకు నేను ముందు చెప్పేది వల్లోటి. ఎఫ్-సి-జి-డి-ఎ-ఇ-బి వరుసలోని ఆరు పంచమాలను కొద్దిగా తగ్గించి, మిగతా ఆరింటినీ శుద్ధంగా ఉంచుతుంది. ఫలితం ఇలా ఉంటుంది:

| మేజర్ కీ | గాంధారం, ఈక్వల్‌లో | గాంధారం, వల్లోటిలో | చెవికి |
|---|---|---|---|
| సి, జి, ఎఫ్ | 400 | 392 | ప్రశాంతం |
| డి, బి ఫ్లాట్ | 400 | 396 | కాస్త మెత్తన |
| ఎ, ఇ ఫ్లాట్ | 400 | 400 | ఈక్వల్ లాగే |
| ఇ, ఎ ఫ్లాట్ | 400 | 404 | కొంచెం పదును |
| బి, ఎఫ్ షార్ప్, డి ఫ్లాట్ | 400 | 408 | గట్టిగా, అశాంతిగా |

ఇందాకటి సి, ఇ జత వల్లోటిలో సెకనుకు నాలుగైదు సార్లే వణుకుతుంది. ఆ తేడా ఎవరికైనా వినిపిస్తుంది. హైడన్, మొజార్ట్, తొలినాళ్ల బీథోవెన్ వాయించేవాళ్లకు ఇది నిజమైన లాభం. ఒక కీ నుంచి ఇంకో కీకి వెళ్లినప్పుడు రంగు మారినట్టు తెలుస్తుంది. బ్రామ్స్, డెబుస్సీ, జాజ్, సినిమా పాటల వైపు వెళ్లేవాళ్లకు మాత్రం నష్టం. డి ఫ్లాట్‌లో నెమ్మదిగా సాగే రచనలు ఎన్నో ఉన్నాయి, వాటిని ఆ పదునైన గాంధారంతో వినడం నాకు కష్టంగా ఉంటుంది.

కర్ణాటక సంగీతం పాడే ఇంట్లో పియానో ఉంటే ఇక్కడ ఒక మెలిక ఉంది. శంకరాభరణం పాడుతూ పియానో తోడు తీసుకునేవాళ్లు, వెల్ టెంపరమెంట్ అయితే గాంధారం బాగుంటుందని విని అడుగుతారు. అది వాళ్ల శ్రుతిని బట్టి ఉంటుంది. ఒకటి శ్రుతి అంటే సి, రెండు అంటే డి. ఆ శ్రుతుల్లో పాడేవాళ్లకు వల్లోటి సాయపడుతుంది. ఐదు శ్రుతి, అంటే జి, అయినా బాగుంటుంది. కానీ ఐదున్నర శ్రుతిలో పాడే ఆవిడకు ఆధార షడ్జమం జి షార్ప్ మీద పడుతుంది, అక్కడ గాంధారం 404, ఈక్వల్ కన్నా దూరం. నాలుగున్నర అయితే ఎఫ్ షార్ప్, అన్నిటికన్నా పదునైన చోటు. కాబట్టి శ్రుతి చెప్పకుండా టెంపరమెంట్ అడగకండి.

సి నుంచి అన్నీ శుద్ధ స్వరాలుగా పెట్టమని కూడా కొందరు కోరతారు. పెట్టవచ్చు. అప్పుడు డి, ఎ మధ్య పంచమం 22 సెంట్లు పడిపోతుంది, ఒక పాటకు తప్ప ఇంకో పాటకు పనికిరాదు. గమకాలు పియానోలో ఎలాగూ రావు. ఇంట్లో ఒకే పియానో ఉన్నప్పుడు దాన్ని ఒకే రాగానికి కట్టేయడం నేను ఒప్పుకోను.

నిర్ణయించుకునే ముందు ఉచితంగా విని చూసే దారి ఉంది. యమహా క్లావినోవా లాంటి డిజిటల్ పియానోల మెనూలో వెర్క్‌మైస్టర్, కిర్న్‌బెర్గర్ వంటివి ఉంటాయి. మీరు రోజూ వాయించే నాలుగు పాటలు వాటిలో వాయించి చూడండి. నచ్చితే అడగండి. ఈక్వల్ నుంచి వల్లోటికి మారడం పియానోకు హాని కాదు, ఏ స్వరమూ ఎనిమిది సెంట్లకు మించి కదలదు. నచ్చకపోతే తర్వాతి ట్యూనింగ్‌లో వెనక్కి రావచ్చు. 432కీ దీనికీ అదే పెద్ద తేడా.

స్ట్రెచ్: ఎంత సాగదీయాలి

పియానో తీగ గట్టి ఉక్కు. ఆ బిరుసు వల్ల దాని పై స్వరాంశాలు, అంటే అసలు స్వరంతో పాటు సన్నగా మోగే పై స్వరాలు, ఉండాల్సిన చోటు కన్నా కాస్త పైన ఉంటాయి. ఆక్టేవ్‌ను కాగితం మీద లెక్క ప్రకారం రెట్టింపు పెడితే కుంచించుకుపోయినట్టు వినిపిస్తుంది. అందుకే ట్యూనర్ పై స్వరాలను పైకి, కింది స్వరాలను కిందికి లాగుతాడు. 1938లో రైల్స్‌బ్యాక్ అనే శాస్త్రవేత్త బాగా ట్యూన్ చేసిన పియానోలను కొలిచి ఈ వంపును చూపించాడు. చిట్టచివరి పై స్వరం దాదాపు 30 సెంట్లు పైన ఉండటం మామూలే.

ఫోన్‌లో గిటార్ ట్యూనర్ యాప్ పెట్టి "మీ ట్యూనింగ్ తప్పు, పై స్వరాలు ఎక్కువున్నాయి" అని ట్యూనర్‌ను పట్టుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ట్యూన్‌ల్యాబ్, వెరిట్యూనర్ లాంటి పియానో సాఫ్ట్‌వేర్ ఆ పియానో తీగల బిరుసును కొలిచి వంపు లెక్కగడుతుంది, గిటార్ యాప్ ఆ పని చేయదు. చెవితో చేసినా సాఫ్ట్‌వేర్‌తో చేసినా మంచి ట్యూనర్ చేతిలో ఫలితం దగ్గరగానే ఉంటుంది, దాని గురించి బెంగ వద్దు.

తక్కువ స్ట్రెచ్ శాంతంగా, దగ్గరగా వినిపిస్తుంది. సింథసైజర్‌తో, ట్రాక్‌తో, క్వయర్‌తో కలిసే పియానోకు ఇది మేలు. ఎక్కువ స్ట్రెచ్ పెడితే పై స్వరాలు మెరుస్తాయి, పెద్ద హాల్లో రాగం ముందుకు వస్తుంది. ఒంటరిగా కచేరీ చేసేవాళ్లు చాలామంది దీన్నే కోరతారు. కాకపోతే ఆక్టేవ్ దూరంలోని రెండు స్వరాలూ కలిపి నెమ్మదిగా నొక్కితే అలలా ఊగడం తెలుస్తుంది.

జర్మనీకి చెందిన బెర్న్‌హార్డ్ స్టాపర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది. అందులో ఆక్టేవ్ కాకుండా, ఆక్టేవ్ మీద పంచమం శుద్ధంగా ఉంటుంది. ఆక్టేవ్ ఒక సెంటుకు కాస్త పైగా సాగుతుంది. మంచి గ్రాండ్ మీద ఇది ఎంతో తేటగా వినిపిస్తుంది. చిన్న అప్‌రైట్ మీద అడగకండి. దాని కింది తీగలు పొట్టివి, లావువి, బిరుసు ఎక్కువ. అక్కడ ఏ పద్ధతి పెట్టినా కొంత రాజీ తప్పదు, ఆ రాజీని ట్యూనర్ చెవికే వదిలేయడం మంచిది.

యూనిసన్: అసలు అందం ఇక్కడే

పై, మధ్య స్వరాలకు మూడేసి తీగలు, కింద రెండేసి, అట్టడుగున ఒక్కటి ఉంటాయి. ఆ మూడూ ఎంత కలిశాయన్నదే మీ చెవికి మొదట చేరేది. పైన చెప్పినవన్నీ సరిగ్గా ఉండి యూనిసన్‌లు తప్పితే పియానో పాడైనట్టే వినిపిస్తుంది. యూనిసన్‌లు శుభ్రంగా ఉండి మిగతావి కాస్త అటూ ఇటూ అయినా, పదిమందిలో తొమ్మిదిమంది "భలే ఉంది" అంటారు.

ఇక్కడా ఎంపిక ఉంది. మూడు తీగలూ అచ్చంగా ఒకేలా కదిలితే బ్రిడ్జిని ఒకేసారి నెడతాయి, శక్తి త్వరగా చెక్కలోకి వెళ్లిపోతుంది. శబ్దం గట్టిగా, సూటిగా వచ్చి తొందరగా తగ్గుతుంది. వాటి మధ్య అతి చిన్న తేడా, సెంటు కన్నా తక్కువ, ఉంటే కాసేపటికి అవి ఒకదానికొకటి ఎదురు కదులుతాయి, బ్రిడ్జి నెమ్మదిస్తుంది, స్వరం తోక పొడుగ్గా సాగుతుంది. గాబ్రియెల్ వైన్‌రైక్ అనే భౌతిక శాస్త్రవేత్త 1977లో దీన్ని వివరించాడు. కచేరీ ట్యూనర్లలో కొందరు ఈ తేడాను కావాలనే ఉంచుతారు. నెమ్మదైన, పాడుతున్నట్టుండే సంగీతానికి అది బాగుంటుంది. రికార్డింగ్‌కు, వేగంగా వాయించేవాటికి శుభ్రమైన యూనిసన్ మేలు.

ఇంట్లో మాత్రం శుభ్రమైనదే అడగండి. ఇలా చిన్న తేడాతో తెరిచి ఉంచిన యూనిసన్ రెండు వారాల్లో తేమకు ఇంకాస్త తెరుచుకుని తప్పు స్వరమైపోతుంది.

మీరు అంటున్నది, నిజంగా కావాల్సింది

ట్యూనింగ్ మార్చమని అడిగే చాలామందికి కావాల్సింది ట్యూనింగ్ కాదు. అది మాటల్లోనే తెలిసిపోతుంది.

| మీరు అనేది | చాలాసార్లు అవసరమైంది |
|---|---|
| చెవిలో గుచ్చుతోంది, రేకు శబ్దంలా ఉంది | వాయిసింగ్: గట్టిపడ్డ సుత్తుల ఫెల్ట్‌ను సూదులతో మెత్తబరచడం |
| మొద్దుబారింది, పలకడం లేదు | వాయిసింగ్, లేదా అరిగిన సుత్తులను చెక్కడం |
| ఒక్క స్వరమే వణుకుతోంది | యూనిసన్ సరిచేయడం |
| పాడేటప్పుడు కలవడం లేదు | పిచ్ చూడాలి, తర్వాత టెంపరమెంట్ |
| పై స్వరాలు కిందికి దిగినట్టున్నాయి | స్ట్రెచ్ పెంచడం |
| నెలకే పోయింది | తేమ, లేదా వదులైన పిన్నులు |

సూదులు పెట్టిన ఫెల్ట్‌ను మళ్లీ మొదటిలా చేయడం కష్టం. కాబట్టి వాయిసింగ్ ఎప్పుడూ కొంచెం కొంచెంగా, మీరు పక్కన కూర్చుని వింటుండగా చేయించుకోండి.

ఎవరికి ఏది

పరీక్షలకు తయారయ్యే పిల్లలు, చర్చి, స్టూడియో: 440, ఈక్వల్, మధ్యస్థంగా స్ట్రెచ్, శుభ్రమైన యూనిసన్. ఇక్కడ ప్రయోగాలు వద్దు.

ఇంట్లో తనకోసం వాయించుకునేవాళ్లు, మంచి గ్రాండ్ ఉన్నవాళ్లు కాస్త ధైర్యం చేయవచ్చు. క్లాసికల్ కాలపు రచనలు ఎక్కువైతే ఒక సీజన్ వల్లోటి పెట్టించుకుని చూడండి. అన్ని కాలాలవీ వాయిస్తుంటే ఈక్వల్‌కు దగ్గరగా ఉండే మెత్తటి వెల్ టెంపరమెంట్లు ఉన్నాయి, తేడా రెండు నుంచి నాలుగు సెంట్లే, పదునైన కీలు కూడా భరించేలా ఉంటాయి. ఏది పెట్టించుకున్నా పిచ్ 440 దగ్గరే ఉంచండి, రేపు ఫ్లూట్ వాయించే స్నేహితురాలు ఇంటికి రావచ్చు.

గాయకులు ఉన్న ఇల్లయితే శ్రుతి చెప్పి, ఆ కీ గాంధారం ఎంత వస్తుందో ట్యూనర్‌ను అడగండి. 400 కన్నా ఎక్కువైతే ఈక్వల్‌లోనే ఉండండి.

వానలు మొదలైన మూడు నాలుగు వారాలకు, లేదా చలి దేశాల్లో హీటర్ వేసిన కొన్ని వారాలకు ట్యూనర్‌ను పిలవండి, చెక్క అప్పటికి కుదురుకుంటుంది. ఫోన్‌లోనే నాలుగు విషయాలు చెప్పండి: చివరిసారి ట్యూన్ అయింది ఎప్పుడు, తోడు ఏం మోగుతుంది, ఎక్కువగా ఏ కీలలో వాయిస్తారు, శబ్దంలో ఏది నచ్చడం లేదు. పని అయ్యాక ఆయన వెళ్లేలోపు మధ్య రెండు ఆక్టేవ్‌లలో ప్రతి స్వరాన్నీ విడిగా, నెమ్మదిగా నొక్కి, పూర్తిగా ఆగేదాకా వినండి. ఏదైనా వణికితే అప్పుడే చూపించండి. పిచ్ రైజ్ చేయించుకుని ఉంటే రెండో విడత తేదీ అప్పుడే ఖాయం చేసుకోండి.